మరియను గూర్చి వ్రాస్తున్న తమ్ముడికి

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి,

వందనములు. క్రిస్మస్ సంచిక కోసం నీవు వ్రాసి పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే వాక్యం దగ్గర ఆగిపోయాను. "మరియ దేవుడు వాడుకున్న ఒక పాత్ర మాత్రమే" అని వ్రాశావు. ఈ మాట నీవు కల్పించింది కాదు. మన ప్రసంగాలలో, సండే స్కూలు పాఠాలలో, యవ్వనస్థుల కూటాలలో తరతరాలుగా వినబడుతూ మన నోటికి అలవాటైపోయిన మాట అది. గుంటూరు ప్రాంతపు లూథరన్ కుటుంబంలో పెరిగిన నేను కూడా నా తొలి వ్యాసంలో ఇంచుమించు ఇదే వ్రాశాను. అందుకే ఈ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యాన్ని గురించే మాట్లాడతాను. మిగిలిన దిద్దుబాట్లు నీ ప్రతి అంచున పెన్సిలుతో వ్రాశాను, చూసుకో.

ప్రొటెస్టంట్ సంఘాలకు 'మాత్రమే' అన్నది ప్రాణప్రదమైన మాట. కృప మాత్రమే, విశ్వాసము మాత్రమే, లేఖనము మాత్రమే, క్రీస్తు మాత్రమే అని మన పితరులు చెప్పిన ప్రతిచోటా ఆ మాట దేవుని పని వైపు చూపిస్తుంది. "దేవుడొక్కడే, దేవునికిని నరులకును మధ్యవర్తియు ఒక్కడే" అని పౌలు తిమోతికి వ్రాసిన మాట మీద మనం నిలబడి ఉన్నాం, అక్కడి నుండి ఒక్క అడుగు కూడా వెనక్కు వేయనక్కరలేదు. కాని ఆ ఒక్కని మహిమను కాపాడడానికి ఆయనను కన్న తల్లిని తగ్గించవలసిన అవసరం ఎక్కడిది? నీ వాక్యంలో క్రీస్తుకు చెందవలసిన 'మాత్రమే' వచ్చి మరియ మీద బరువుగా పడింది.

గిన్నెలా వాడుకొని ప్రక్కన పెట్టే 'పాత్ర' అన్న మాట కూడా లూకా వ్రాసినదానికి సరిపడదు. పాత్రను ఎవరూ సమ్మతి అడగరు, పాత్ర తిరిగి ప్రశ్న వేయదు. నజరేతులోని ఆ కన్యక, నీవు కుమారుని కంటావన్న దూత మాట విని తొందరపడి తల ఊపలేదు. ఆ శుభవచనమేమిటో అని ఆలోచించింది, "యిదేలాగు జరుగును" అని అడిగింది, జవాబు విన్న తరువాతే "ఇదిగో ప్రభువు దాసురాలను, నీ మాట చొప్పున నాకు జరుగును గాక" అన్నది. నిశ్చితార్థమై ఇంకా కాపురానికి వెళ్లని పిల్ల ఆ మాట అనడమంటే యోసేపు ఏమంటాడో, ఊరు ఏమంటుందో, ధర్మశాస్త్రం ఏమి విధిస్తుందో తెలిసి కూడా అనడం. మనం విశ్వాసము అని దేనిని అంటామో దానికి లూకా సువార్తలో ఇంతకన్నా స్పష్టమైన తొలి ఉదాహరణ నాకు కనబడదు. బంధువు ఎలీసబెతు ఆమెను "నమ్మిన ఆమె ధన్యురాలు" అన్నది కూడా అందుకే. విశ్వాసమూలముగా నీతిమంతులమని చెప్పుకునే సంఘం ఆ విశ్వాసురాలిని గూర్చి ఇంత తక్కువ మాట్లాడడం నన్ను చాలాకాలంగా బాధిస్తున్నది.

మన క్రిస్మస్ నాటికలను జ్ఞాపకం చేసుకో. నా చిన్నప్పుడు మా గుడిలో ఏటా ఒక ఆడపిల్లకు నీలం చీర కొంగు తల మీద కప్పి, చేతిలో బొమ్మను పెట్టి కూర్చోబెట్టేవారు. గొర్రెల కాపరులకు మాటలు ఉండేవి, జ్ఞానులకు ఉండేవి, హేరోదుకైతే అందరికంటే ఎక్కువ ఉండేవి. మరియకు ఒక్క మాట ఉండేది కాదు. లూకా మాత్రం మొదటి అధ్యాయం 46వ వచనం నుండి 55 వరకు, పది వచనాలు ఆమె నోట పలికించాడు. సమూయేలు తల్లి హన్నా పాడిన పాటలోని మాటలు అందులో మళ్లీ వినబడతాయి. అంటే ఆమె లేఖనాలను హృదయంలో ఉంచుకున్న స్త్రీ. నీ వ్యాసం ఆమె స్థానాన్ని గూర్చిన వాదంతో మొదలవుతున్నది. ఆమె పాటతో మొదలుపెడితే ఎలా ఉంటుందో ఒకసారి వ్రాసి చూడు.

ఆ పాట మీద సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ వ్రాసిన వ్యాఖ్యానాన్ని నీవు తప్పక చదవాలి. 1521 మార్చిలో దానిని సాక్సనీ రాజకుటుంబంలోని 17 ఏళ్ల జాన్ ఫ్రెడరిక్‌కు అంకితం చేశాడు. పని సగంలో ఉండగానే తన బోధను గూర్చి జవాబు చెప్పడానికి వర్మ్స్ సభకు వెళ్లి చక్రవర్తి ఎదుట నిలబడవలసి వచ్చింది. మిగిలిన భాగాన్ని వార్ట్‌బర్గ్ కోటలో దాగి ఉన్న రోజుల్లో పూర్తిచేశాడు. ప్రాణం మీదికి వచ్చిన ఆ నెలల్లో ఆయన చేతిలో ఉన్న పుస్తకం మరియ పాట మీదిది. రేపు ఏలవలసిన యువకుడికి, "సింహాసనములనుండి బలవంతులను పడద్రోసి దీనుల నెక్కించెను" అనే పాటను విప్పి చెబుతున్నాడన్నమాట.

ఆ వ్యాఖ్యానంలో నన్ను పట్టుకున్నది ఒక్క మాటను గూర్చిన వివరణ. 48వ వచనంలో లాటిన్ బైబిలు 'హుమిలితాస్' అంటుంది. దానిని వినయము అనే సద్గుణంగా తీసుకొని, ఆమె వినయాన్ని చూసి దేవుడు ఆమెను ఎన్నుకున్నాడని ఎందరో బోధించారు. లూథర్ దానికి ఒప్పుకోలేదు. నిజమైన వినయం తాను వినయమని ఎరగదు, కాబట్టి మరియ తన వినయాన్ని తానే చాటుకోదు. ఇక్కడ ఆమె చెబుతున్నది తన తక్కువ స్థితిని, ఎవరూ లెక్కచేయని బ్రతుకును గూర్చి అని ఆయన వాదించాడు. యెరూషలేములో ప్రధాన యాజకుల ఇళ్లలో ధనమూ రూపమూ ఉన్న కుమార్తెలు ఉండగా, దేవుని చూపు ఒక పల్లెలోని పేదపిల్ల మీద నిలిచింది. దేవునికి పైన ఎవరూ లేరు, ప్రక్కన సమానులు లేరు, కాబట్టి ఆయన చూపు క్రిందికే సాగుతుంది అంటాడు లూథర్. మెచ్చుకోవలసింది ఆమె దీనత్వాన్ని కాదు, ఆమెను చూచిన ఆ చూపును.

ఇప్పుడు మన తెలుగు బైబిలు తెరిచి అదే వచనం చదువు: "ఆయన తన దాసురాలి దీనస్థితిని కటాక్షించెను." 'వినయము' అని లేదు, 'దీనస్థితి' అని ఉంది. లూథర్ పుటల కొద్దీ వాదించి నిలబెట్టిన అర్థం మన అనువాదంలో ఒక్క మాటలో ఉంది. పైగా 'కటాక్షించెను' అనడంలో ఆ చూపు కూడా ఉంది. ఈ రెండు మాటల మీద నీవు ఒక పేరా వ్రాయగలిగితే నీ వ్యాసానికి వెన్నెముక దొరుకుతుంది.

దీనస్థితి అన్న మాట తెలుగు సంఘానికి పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన మాట కాదు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అప్పటికి ఆ ప్రాంతాన్ని కరువు పిండిచేసి ఉంది. వారిలో అత్యధికులు మాదిగలు, ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని జనం. ఆ స్త్రీలు తమ ఒడిలో బిడ్డలతో "ఆకలిగొనినవారిని మంచి పదార్థములతో సంతృప్తిపరచి" అన్న మాట విన్నప్పుడు వారికి ఏమి వినబడి ఉంటుందో ఆలోచించు. మరియ యోసేపులు దేవాలయానికి తెచ్చిన అర్పణ పక్షులే. గొర్రెపిల్లను తేలేని బీదవారికి లేవీయకాండము అనుమతించిన అర్పణ అది. మరియ ఎవరో మన ముత్తవ్వలకు ఇంకొకరు వివరించనక్కరలేదు.

ఇక కథోలికుల సంగతి. నీ వ్యాసంలో సగం వారిని ఖండించడానికే ఖర్చయింది. మా వీధిలో ఒక కథోలిక పెద్దమ్మ ఉండేది. ఫిబ్రవరి వచ్చిందంటే విజయవాడ వెళ్లి గుణదల కొండ ఎక్కి వచ్చేది. నా తొలి వ్యాసం అచ్చయినప్పుడు గర్వంగా తీసుకువెళ్లి ఆమెకు చదివి వినిపించాను. ఆమె కోపగించుకోలేదు. "మేము మరియమ్మను దేవుడంటామని నీకు ఎవరు చెప్పారు నాయనా?" అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నేను వారి బోధను వారి నోట ఎన్నడూ వినలేదు. దేవునికే చెందే ఆరాధనకూ, పరిశుద్ధులకు ఇచ్చే గౌరవానికీ, మరియకు ఇచ్చే ప్రత్యేక గౌరవానికీ కథోలిక సంఘం తేడా చూపుతుంది. ఆచరణలో ఆ గీత చెరిగిపోతుందని నీకు అనిపిస్తే ఆ మాట వ్రాయి, కాని ఆ గీత ఉందని ముందు వ్రాయి.

మనం ఒప్పుకోనిది ఎక్కడో కూడా కచ్చితంగా చెప్పాలి. 431లో ఎఫెసులో కూడిన సంఘ పెద్దల సభ ఆమెను 'దేవుని కన్నది' అనడాన్ని నిలబెట్టినప్పుడు, కన్నది ఎవరిని అన్నదే అక్కడి ప్రశ్న. ఆమెకు పుట్టిన శిశువు నిజంగా దేవుడేనని ఒప్పుకునే మాట అది, లూథర్ దానిని సంతోషంగా వాడాడు. మన నేల మీద మాత్రం 'అమ్మ' అన్న పిలుపు కన్నతల్లికీ గ్రామదేవతకూ ఒకటే కాబట్టి, ఆ బిరుదును తెలుగులో వాడడానికి మన పెద్దలు జంకడం అర్థంలేని భయం కాదు. మన అభ్యంతరం ఆ తరువాత వచ్చినవాటి మీద. ఆమె జన్మపాపం లేకుండా గర్భమున పడిందని 1854లో పోపు తొమ్మిదవ పయస్, ఆమె ఆత్మశరీరములతో పరలోకానికి చేర్చుకోబడిందని 1950లో పోపు పన్నెండవ పయస్ నమ్మి తీరవలసిన సిద్ధాంతాలుగా ప్రకటించారు. లేఖనం చెప్పనిదానిని నమ్మి తీరాలని మనస్సాక్షిని కట్టివేయకూడదన్నది మన వాదం. "నా రక్షకుడైన దేవునియందు" ఆనందించిన స్త్రీ తనకూ రక్షకుడు అవసరమని ఒప్పుకున్నదని మనం అంటాం. అయితే కథోలికులు కూడా ఆమెకు రక్షకుడు అక్కరలేదనరు. క్రీస్తు పుణ్యఫలమును బట్టే ఆమె పాపంలో పడకుండా ముందుగానే కాపాడబడింది అంటారు. ఆ జవాబును నీ వ్యాసంలో వదిలేశావు. ఎదుటివాని బలమైన జవాబును దాచిపెట్టి గెలిచిన వాదం రెండో పాఠకుడి చేతిలోనే ఓడిపోతుంది.

దూత పలికిన శుభవచనం దగ్గర ఈ తేడా ఇంకా చక్కగా కనబడుతుంది. కథోలికుల జపంలో "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అని ఉంటుంది. మన బైబిలులో "దయాప్రాప్తురాలా" అని ఉంటుంది. నిండినది అన్నప్పుడు ఆమెలో ఉన్నదాని మీదికి చూపు పోతుంది, ప్రాప్తురాలు అన్నప్పుడు ఇచ్చినవాని మీదికి పోతుంది. గ్రీకులో ఉన్నది కృపను పొందినదానా అనే అర్థమిచ్చే క్రియారూపం. అదే క్రియను పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయం 6వ వచనంలో విశ్వాసులందరి విషయంలోనూ వాడాడు. కృప విషయంలో ఆమె మనకు అక్క అని నేను అనుకుంటాను. ఆమె మెట్టు మీద మనం లేము, కాని పొందినది అదే చేతి నుండి.

ఒక మాట దాచకు. లూథర్ ఆ వ్యాఖ్యానాన్ని ముగిస్తూ మరియ విజ్ఞాపనను కూడా స్మరించాడు. తరువాతి సంవత్సరాలలో పరిశుద్ధులను వేడుకోవడాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించాడు. 1530 నాటి లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 21వ అధికరణం పరిశుద్ధులను జ్ఞాపకం చేసుకొని వారి విశ్వాసాన్ని అనుసరించమంటుంది, వారిని వేడుకోవడానికి లేఖనాధారం లేదంటుంది. ఒక మనిషి క్రమంగా ఒక నిశ్చయానికి వచ్చాడని చూపితే పాఠకుడు నిన్ను నమ్ముతాడు. యేసు సహోదరులు ఎవరన్న చర్చను మాత్రం ఈ వ్యాసంలోకి తేవద్దు. లూథరే ఆమెను నిత్యకన్యగా నమ్మాడు, నేడు మనలో ఎక్కువమంది అలా అనుకోరు, సువార్త దాని మీద ఆధారపడి లేదు.

కష్టమైన వచనాలను దాటవేయకు. మార్కు 3వ అధ్యాయంలో ఇంటివారు యేసుకు మతి చలించిందని ఆయనను పట్టుకొనబోయారు, తరువాత తల్లీ సహోదరులూ వచ్చి వెలుపల నిలిచి కబురు పంపారు. ఆమెకు అన్నీ ముందే తెలియవు. అర్థంకానివాటిని ఆమె "తన హృదయములో తలపోసికొనుచు" భద్రపరచుకున్నది, కానాలో "ఆయన మీతో చెప్పునది చేయుడి" అని పరిచారకులను కుమారుని వైపు పంపింది, సిలువ దగ్గర నిలబడింది. నిన్ను మోసిన గర్భము ధన్యమని ఒక స్త్రీ కేక వేసినప్పుడు, దేవుని వాక్యము విని గైకొనువారు ధన్యులని యేసు అన్నది తల్లిని త్రోసివేసే మాటగా నీవు వ్రాశావు. ఎలీసబెతు మాటను ప్రక్కన పెట్టి చదువు, ఆ వర్ణన మొదట వర్తించేది మరియకే. ఆఖరుగా ఆమె కనబడేది అపొస్తలుల కార్యములు 1:14లో, మేడగదిలో. అక్కడ శిష్యులు ఆమెతో కలిసి ప్రార్థిస్తున్నారు. నాకు తెలిసినంతలో ప్రొటెస్టంట్ దృష్టి అంతా ఆ 'ఆమెతో' అన్న మాటలో ఉంది.

లేఖనం చెప్పని చోట నీవు ఆమె కన్నీళ్లను, కలలను, తల్లితో మాటలను కల్పించి వ్రాశావు. వాటిని కొట్టివేశాను. లేనిదానిని చేర్చవద్దని ఇతరులకు చెబుతున్న వ్యాసంలో మనం కూడా చేర్చకూడదు కదా. ఆ రెండు పేజీలు పోయినా చోటు మిగలదు. పాట మీద నీవు వ్రాయవలసిన పేరాలు అక్కడికి వస్తాయి.

సంచికకు ఇంకా మూడు వారాల గడువు ఉంది. తిరగవ్రాసిన ప్రతిని ముందు నాకు పంపు. ఈ ఏడు మీ గుడిలో నాటిక నీవే వ్రాస్తున్నావని విన్నాను. మరియ వేషం వేసే పాపకు ఆ పది వచనాలు ఇప్పటి నుండే కంఠస్థం చేయించు.

ప్రభువునందు,
నీ అన్నయ్య