డైరీలో ఆయన ఆగిపోయిన పేజీ

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మావారు ఆర్మీలో హవల్దార్. మామగారు కూడా సైన్యంలో చేసి రిటైరయ్యారు. తొమ్మిదేళ్లుగా మా సంసారం సంగతులన్నీ సరదాగా డైరీలో రాస్తున్నాను. దాన్ని హాస్య నవలగా వేయించాలని ఆశ. మొన్న సెలవులో వచ్చినప్పుడు మావారు అది చదువుతూ పగలబడి నవ్వారు. బాబు జ్వరం గురించి రాసిన పేజీ దగ్గర మాత్రం ఆగిపోయారు. "ఇంటి గుట్టు ఊరికెందుకు, పక్కన పెట్టెయ్" అన్నారు. అత్తగారేమో "మొగుడు బోర్డర్లో ఉంటే నీకు నవ్వులాటగా ఉందా?" అంటున్నారు. నేను చేసింది తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. మీరు పంపిన నాలుగు పేజీలూ చదివాను. సెలవులో మొదటి వారం ఆయన చుట్టం, రెండో వారం మళ్లీ హవల్దారై పొద్దున్నే ఐదింటికి పిల్లల్ని ఫాలిన్ చేయించడం, అంటే సిపాయిల్లా వరుసలో నిలబెట్టడం, చదివి నేనూ నవ్వాను. ట్రాన్స్‌ఫర్ అయినప్పుడల్లా నల్ల ట్రంకు పెట్టెల మీద పాత అడ్రసు చెరిపి తెల్ల పెయింటుతో కొత్తది రాసే పేజీ ఇంకా బాగుంది.

ఇక ఆయన ఆగిన పేజీ. రాత్రి రెండింటికి జ్వరంతో కాలిపోతున్న బాబును భుజాన వేసుకుని, ఒక కాలికి మీ చెప్పు, ఇంకో కాలికి అత్తగారి చెప్పుతో ఆటో కోసం పరిగెత్తారు. మీరు చెప్పుల గురించి రాశారు, ఆయన జ్వరం గురించి చదివారు. మర్నాడు ఫోన్లో మీరు "అందరం బాగున్నాం" అన్నారని ఆయనకు గుర్తుండే ఉంటుంది. నాకు తోచినంతవరకు ఆయన బాధ పుస్తకం గురించి కాదు. అంత కష్టం తనకు చెప్పకుండా దాచారని. ముందు దాని గురించి మాట్లాడండి. ఆయన టెన్షన్ పడకూడదనే చెప్పలేదని మీ నోటితోనే చెప్పండి. ఏ చిన్న విషయం ఫోన్లో చెప్పక్కర్లేదో, ఏది దాచకూడదో ఇద్దరూ కలిసి అనుకోండి. ఆ తర్వాత నవల మాట ఎత్తండి. ఏ పేజీ ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఆయన్నీ చెప్పమనండి.

ఒక్క జాగ్రత్త. యూనిట్ పేరు, పోస్టింగ్ చోటు, రాకపోకల తేదీలు ఎక్కడా ఉండకూడదు. పేర్లు మార్చండి, తేదీకి బదులు వారం పేరు రాయండి. ఆర్మీ విషయాలు రాయాలంటే సర్వీసులో ఉన్నవాళ్లు ముందే అనుమతి తీసుకోవాలి. రాసేది మీరే అయినా, రేపు మాట వచ్చేది ఆయనకే. అందుకని అచ్చుకు ముందే తన పై అధికారికి ఒక మాట చెప్పమనండి.

అత్తగారితో వాదించకండి. ఆవిడా సైనికుడి భార్యే కదా! ఫోన్లు లేని రోజుల్లో 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అడ్రసుకు ఇన్‌లాండ్ లెటర్ రాసి, జవాబు కోసం పోస్టుమ్యాన్ దారి చూసిన మనిషి. ఒక సాయంత్రం పక్కన కూర్చుని ఆ చెప్పుల పేజీ చదివి వినిపించండి. తర్వాత ఆవిడ రోజుల సంగతులు అడగండి, నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని.