రొయ్యలకు నిమిషాలు, వయ్యారిభామకు రోజులు

ప్రశ్న: రొయ్యల కూర తిన్న పది నిమిషాలకే నాకు ఒళ్లంతా దద్దుర్లు లేస్తున్నాయి, సెట్రిజిన్ వేసుకుంటే తగ్గుతున్నాయి. చిన్నప్పుడు ఎన్నోసార్లు తిన్నా ఏమీ కాలేదు. మా నాన్నగారికి మాత్రం పొలం గట్ల మీద వయ్యారిభామ పీకిన రెండో రోజున మెడ, మోచేతి మడతలు, కనురెప్పలు ఎర్రబడి, దురదతో రసి కారుతున్నాయి. అదే మాత్ర ఆయనకు పనిచేయడం లేదు. రెండూ అలర్జీయే అయితే ఈ తేడా ఎందుకు?
— ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: రెండూ అలర్జీలే గాని, ఒకే పేరు కింద రెండు వేర్వేరు ప్రక్రియలు నడుస్తున్నాయి. ఆస్ట్రియా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో ఈ పదాన్ని ప్రతిపాదించినప్పుడు, ఒక పదార్థంతో పరిచయమయ్యాక శరీరం దానికి స్పందించే తీరు మారిపోవడమనే విశాలమైన అర్థంలోనే వాడారు. 1963లో గెల్, కూంబ్స్ అనే శాస్త్రవేత్తలు ఇటువంటి అతిస్పందనలను నాలుగు రకాలుగా విభజించారు. మీరు రాసిన సమయాలను బట్టి చూస్తే మీది మొదటి రకం, నాన్నగారిది నాలుగోది అనిపిస్తోంది. మధ్యలోని రెండింటితో మనకిక్కడ పని లేదు.

రొయ్య కండలో ట్రోపోమయోసిన్ అనే ప్రొటీను ఉంటుంది. అది వేడికి చెడదు కనుక ఎంత వేయించినా లాభం లేదు. మీరు ఏమీ కాకుండా తింటున్న రోజుల్లోనే ఎప్పుడో మీ శరీరం దానికి విరుగుడుగా ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేయడం మొదలుపెట్టి ఉంటుంది. అవి చర్మంలో, శ్వాసనాళాల్లో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని కాచుకుని ఉంటాయి. ఈ దశలో పైకి ఏ లక్షణమూ కనిపించదు. మళ్లీ తిన్నప్పుడు ఆ ప్రొటీను పక్కపక్కనున్న ఐజీఈలను కలిపి పట్టుకోగానే, మాస్ట్ కణం తనలో ముందే నింపి ఉంచుకున్న హిస్టమిన్ అనే రసాయనాన్ని వదిలేస్తుంది, దానితో రక్తనాళాలు వెడల్పై, ద్రవం ఊరి, దద్దురు లేస్తుంది. సరుకు సిద్ధంగా ఉంది కాబట్టి నిమిషాలు చాలు. సెట్రిజిన్ ఆ హిస్టమిన్‌నే అడ్డుకుంటుంది. అయితే గొంతు బిగుసుకుపోవడం, ఆయాసం, కళ్లు తిరగడం కనిపిస్తే మాత్రను నమ్ముకుని కూర్చోకూడదు. అప్పుడు ప్రాణం కాపాడేది తొడ కండరానికిచ్చే అడ్రినలిన్ ఇంజెక్షను, కనుక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒకసారి దద్దుర్లతో సరిపోయింది కదా అని మరోసారీ అంతే అవుతుందన్న భరోసా లేదు కాబట్టి రొయ్యలు మానేయడమే మంచిది.

నాన్నగారి విషయంలో యాంటీబాడీల ప్రమేయం లేదు. వయ్యారిభామలోని పార్థెనిన్ వంటి చిన్న రసాయనాలు చర్మంలోకి దిగి, అక్కడి ప్రొటీన్లకు అతుక్కుని, వాటిని పరాయివిగా కనిపించేలా చేస్తాయి. పూర్వపరిచయం గుర్తున్న టీ కణాలు (ఒక రకం తెల్లరక్తకణాలు) ఆ చోటికి చేరి, తోటి కణాలను పిలిపించుకుని వాపు పుట్టించేసరికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఇందులో హిస్టమిన్ పాత్ర స్వల్పం కాబట్టే ఆ మాత్ర తేలిపోయింది. చర్మవైద్యుల సలహాతో వాడే స్టెరాయిడ్ పూతలు ఇక్కడ పనికొస్తాయి. ఎండిన మొక్క పొడి గాలిలో ఎగిరి వచ్చినా చాలు, ముట్టుకోకపోయినా కనురెప్పల మీద తేలుతుంది.

పరీక్షలూ వేరే. మీకు చర్మం మీద సూదిమొనతో గుచ్చి చేసే పరీక్ష ఫలితం ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది. నాన్నగారికి వీపు మీద పట్టీలు అంటించి, 48 గంటల తరువాత తీసి చూసి, మరో రెండు రోజులకు మళ్లీ చూడవలసి ఉంటుంది. ఆయనకు ఐజీఈ రక్తపరీక్ష చేయించి ఖర్చు పెట్టుకోకండి. ఈ రకం అలర్జీ అందులో తేలదు.