‘అమృత’ సినిమా మా పిన్నికి ఒకలా, నా జాఫ్నా స్నేహితురాలికి ఇంకోలా

మీరు రెండు విషయాలు అడిగారు. మణిరత్నం ‘అమృత’ (తమిళంలో ‘కన్నత్తిల్ ముత్తమిట్టాల్’) మంచి కుటుంబ సినిమా అని కొందరు, శ్రీలంక యుద్ధాన్ని కన్నీళ్ల కోసం వాడుకున్నారని కొందరు అంటున్నారు, ఎవరి మాట నమ్మాలని ఒకటి. ఎనిమిదేళ్ల పాపతో కలిసి చూడొచ్చా అని రెండోది. నేను ఈ సినిమా మూడుసార్లు చూశాను, ప్రతిసారీ పక్కన కూర్చున్నవాళ్లు వేరు, అందుకే నాకు తెలిసింది చెప్తాను.

మొదటిసారి 2002లో, విజయవాడలో, అమ్మతో, పిన్నితో. పిన్ని అప్పటికి రెండేళ్ల కిందటే ఒక పాపని దత్తత తీసుకుంది. సినిమాలో దత్తత తెచ్చుకున్న పిల్లకి తొమ్మిదో పుట్టినరోజున ‘నువ్వు మా కడుపున పుట్టలేదు’ అని చెప్తారు, ఆ పిల్ల శ్రీలంకలో ఉన్న కన్నతల్లిని వెతుక్కుంటూ వాళ్లతో వెళ్తుంది. ఆ మాట చెప్పిన దగ్గర్నుంచి పిన్ని తెర మీద ఇంకేమీ చూడలేదనుకుంటాను. హాల్లోంచి బయటికొస్తూ ‘పుట్టినరోజు నాడా చెప్పేది?’ అని ఒకటే కోపం. అమ్మేమో ‘ఏ రోజు చెప్తే నొప్పి తగ్గుతుంది చెప్పు’ అంది. ఆటోలో ఇల్లు చేరేదాకా ఇదే వాదన. లంక గురించి మేం ముగ్గురం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు, అది ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది.

రెండోసారి టొరంటోలో, 2011లో. మేముండే స్కార్‌బరోలో ఈళం తమిళులు, అంటే శ్రీలంక తమిళులు, చాలామంది. నాతో పనిచేసే ఒకావిడ, నేను అక్కా అనే పిలిచేదాన్ని, 1995 అక్టోబరు చివర్లో శ్రీలంక సైన్యం ఉత్తరాన తమిళులుండే జాఫ్నా వైపు వస్తుంటే లక్షల మందితో పాటు రాత్రికి రాత్రి వానలో నడిచి ఊరు వదిలిన మనిషి. మా ఇంట్లోనే చూశాం. నేను ఏడ్చిన చోట, అంటే పిల్ల కన్నతల్లిని కలిసే చోట, ఆవిడ మామూలుగానే ఉంది. కానీ ఊరు ఊరంతా మూటలు సర్దుకుని వెళ్లిపోయే పాట వచ్చేసరికి లేచి వంటింట్లోకి వెళ్లి, పాట అయ్యేదాకా అక్కడే నిలబడింది.

ఆవిడ భర్త మాత్రం చాలా కోపంగా మాట్లాడాడు. సింహళాన్ని మాత్రమే అధికార భాష చేసిన 1956 నాటి చట్టం, 1981లో తగలబెట్టిన జాఫ్నా లైబ్రరీ, 1983 జులైలో తమిళుల మీద జరిగిన హత్యాకాండ, ఇవేవీ చెప్పకుండా యుద్ధాన్ని తుపానులా చూపిస్తే చూసేవాడికి ఏం తెలుస్తుంది అన్నాడు. ‘మా తమిళం కూడా సరిగా పలకలేదు’ అన్నాడు. నేను మొదట తెలుగులో చూసినదాన్ని, నాకా తేడా తెలిసే దారే లేదు. యుద్ధం ఎందుకు మొదలైందో సినిమా చెప్పదన్న మాట నిజమే, దాన్ని నేను కాదనలేను. కానీ ఇది తొమ్మిదేళ్ల పిల్ల వెంట నడిచే కథ, ఆ పిల్లకి కావలసిన జవాబు చట్టంలో లేదు, ‘నన్నెందుకు వదిలేశావు’ అన్నదానికి ఆ తల్లి దగ్గర కూడా లేదు. ఆ జవాబు లేకపోవడాన్ని మాటలతో కప్పెయ్యలేదు కాబట్టే నాకీ సినిమా అంటే ఇంత ఇష్టం.

అభిప్రాయాలు మారడానికి ఎప్పుడు చూశారన్నది కూడా కారణమే. సినిమా 2002 ఫిబ్రవరి 14న వచ్చింది, సరిగ్గా ఎనిమిది రోజులకి, ఫిబ్రవరి 22న శ్రీలంక ప్రభుత్వానికీ, తమిళులకి వేరే దేశం కావాలని పోరాడుతున్న ఎల్‌టీటీఈకీ కాల్పుల విరమణ ఒప్పందం కుదిరింది. చివర్లో కన్నతల్లిగా వేసిన నందితా దాస్ శాంతి గురించి మాట్లాడితే అప్పట్లో హాల్లో కూర్చున్నవాళ్లు నమ్మగలిగారు. 2009 మేలో వేలమంది మామూలు తమిళులు చనిపోయిన ముళ్లివాయ్‌క్కాల్ దగ్గర యుద్ధం ఎలా ముగిసిందో తెలిశాక అదే మాట వింటే వేరే సంగతి. అక్క టీవీ ఆపాక నెమ్మదిగా ఒకటే అంది, ‘ఆ అమ్మ బతికి ఉండదు’.

మూడోసారి మా పిన్ని కూతురితో, తనకి పదిహేడేళ్లప్పుడు. తను దత్తపుత్రికనని ఆరేళ్లకే తెలుసు, పుట్టినరోజు నాడు కాకుండా మామూలు ఆదివారం పిన్ని చెప్పింది. తను ఏడ్చింది మేమెవ్వరం పట్టించుకోని చోట. ‘సొంత కొడుకులిద్దరినీ ఇంటి దగ్గర వదిలేసి, బాంబులు పడే దేశానికి దీని కోసం వెళ్లారు కదా అక్కా’ అంది. మాధవన్, సిమ్రన్ గొప్పగా చేశారని వందమంది చెప్పగా విన్నాను, ఈ మాట మాత్రం ఎవరూ అనలేదు.

ఇక మీ పాప సంగతి. కాల్పులు, పేలుడు ఉన్నాయి, ఒకట్రెండు చోట్ల పెద్దవాళ్లకే టెన్షన్‌గా ఉంటుంది. ముందు మీరొక్కరే చూడండి. పాపతో చూసేటప్పుడు పక్కనే కూర్చోండి, రాత్రి పడుకునే ముందు మాత్రం వద్దు, ఎందుకంటే ప్రశ్నలు వస్తాయి, చాలా వస్తాయి. ఇంట్లో దత్తత విషయం ఏదైనా ఉండి ఇంకా చెప్పకపోతే, దయచేసి ఈ సినిమాతో చెప్పించకండి, ముందు మీరే చెప్పండి.