గెలిచిన భూమిని తిరిగి ఎందుకిచ్చారు?

ఎదురుదాడిలో గెలిచినవాళ్లు సంధిలో భూమిని ఎందుకు వదులుకుంటారన్నది ప్రశ్న. నెల్లూరు జిల్లా ఉదయగిరి కోట కథలోనే జవాబుంది.

పదిహేనో శతాబ్దంలో ఈ కోట ఒడిశా గజపతుల పాలైంది. దాన్ని రాబట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి వేశాడు. బురుజుల దగ్గరికి సేన చేరడానికి బండలు పగలగొట్టి దారి వేయించాడని ఒక పోర్చుగీసు వర్తకుడి కథనం. ఆ కొండ ఎక్కినవాళ్లకు అది అతిశయోక్తి అనిపించదు. 1514లో కోట లొంగింది. గజపతి బంధువు తిరుమల రాహుత్తరాయుడు బందీ అయ్యాడు, ఇక్కడి బాలకృష్ణ విగ్రహం హంపీకి తరలిపోయింది. ఆపైన కొండవీడు, కొండపల్లి, చివరికి సింహాచలం దాకా రాయలదే పైచేయి.

అంత గెలిచీ, సంధిలో కృష్ణా నదికి ఉత్తరాన ఉన్నదంతా ఇచ్చేసి గజపతి కుమార్తెను పెళ్లాడాడు. దీన్ని ఔదార్యమంటారు కానీ, నా దృష్టిలో అది గట్టి బేరం. తనకు కావలసిన ఉదయగిరి, కొండవీడు దక్కాయి. నిలుపుకోవడం కష్టమైన దూరపు నేల బేరానికి పనికొచ్చింది. 1520లో రాయచూరు దగ్గర బీజాపూరు సుల్తానుతో తలపడినప్పుడు తూర్పున గజపతి బెడద లేదు.

1918లో మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తీరు ఇందుకు భిన్నం. జర్మనీ మీద మిత్రరాజ్యాల చివరి ఎదురుదాడి ఆగస్టు 8న ఫ్రాన్స్‌లోని ఆమియాన్ దగ్గర మొదలైంది. నవంబరు 11న యుద్ధం ఆగేసరికి జర్మన్ సేనలు ఇంకా పరాయి నేల మీదే ఉన్నాయి. దాంతో సైన్యం ఓడలేదనీ, స్వదేశంలోనివారే వెన్నుపోటు పొడిచారనీ జర్మనీలో ప్రచారం సాగింది. ఆ యుద్ధానికి ముగింపుగా జర్మనీతో కుదిరిన వెర్సాయ్ సంధిని అక్కడ చాలామంది మనసారా ఒప్పుకోనేలేదు.