మావయ్యగారు, మావారు, మధ్యలో ఒక వైస్ ప్రెసిడెంట్

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మావారికి 45 ఏళ్ళు. ఇద్దరికీ సిటిజెన్‌షిప్ వచ్చింది. ఆయన మొదట్నుంచీ రిపబ్లికన్లకే ఓటేస్తారు. మా మావయ్యగారు తెనాలి దగ్గర హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అత్తయ్యగారు పోయాక ఆరు నెలలు ఉందామని మా దగ్గరికి వచ్చారు. వచ్చిన కొత్తలో టీవీలో వైస్ ప్రెసిడెంట్ జె.డి. వాన్స్ కనిపిస్తే చాలు, వాళ్ళావిడ ఉషా చిలుకూరి తెలుగువాళ్ళ అమ్మాయి కదా, "మన చిలుకూరివారి అల్లుడు" అని మురిసిపోయేవారు. ఈ మధ్య ఎవరో ఆయనకి వాట్సాప్‌లో వాన్స్ 2016లో ట్రంప్‌ని తిట్టిన మాటలు పంపారు. ఆ రాత్రి భోజనాల దగ్గర "నిన్న తిట్టినవాణ్ణి ఇవాళ భుజాన మోసేవాడు కన్జర్వేటివ్ ఎలా అవుతాడురా? గోడ మీద పిల్లి" అన్నారు. మావారు "రీగన్ మారలేదా? ఇక్కడి రాజకీయం నీకేం తెలుసు నాన్నా" అన్నారు. మావయ్యగారు "నువ్వు మాత్రం?" అని, ప్లేట్లోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. పదకొండు రోజులైంది, ఇద్దరికీ మాటల్లేవు. "తాత బీపీ మాత్ర వేసుకున్నారేమో అడుగు" అని మావారు మా తొమ్మిదేళ్ళ పాపని పంపిస్తున్నారు. మావయ్యగారేమో టికెట్ ముందుకు జరపమని నన్ను అడుగుతున్నారు. మావారు 2006లో వచ్చేటప్పుడు ఐదేళ్ళలో తిరిగొచ్చేస్తానని చెప్పి వచ్చారట. మా కోసమని మావయ్యగారు తెనాలి ఇంటి మేడ మీద రెండు గదులు కూడా వేయించారు. అదంతా పాత సంగతి లెండి. ఇంతకీ మాట మార్చిన నాయకుడు నిజమైన కన్జర్వేటివ్ అవుతాడా, అవడా? ఎవరిది రైటో మీరు రాస్తే ఇద్దరికీ చూపించి గొడవ తెంపేస్తాను.

జవాబు: అమ్మా, "పాత సంగతి లెండి" అని మీరు తేల్చేసిన చోటే నేను ఆగిపోయాను. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీరడిగిందానికి జవాబు చెప్పాలి, లేకపోతే నేను కూడా మాట దాటేశానంటారు.

మన దగ్గర "మాట మార్చాడు" అనగానే కండువా గుర్తొస్తుంది. పొద్దున ఒక పార్టీ ఆఫీసులో ప్రెస్ మీట్ పెట్టినవాడు సాయంత్రానికి ఇంకో కండువాతో ఫొటో దిగుతాడు. అది భరించలేకే 1985లో ఫిరాయింపుల చట్టం తెచ్చుకున్నాం. ఆగాయా అని మాత్రం అడక్కండి. అమెరికాలో అలాంటి చట్టం లేదు, సెనేటర్ సొంత పార్టీకి ఎదురు ఓటేసినా సీటు ఊడదు. అందుకని అక్కడి జనం కండువాని అంతగా పట్టించుకోరు. అబార్షన్ మీద ఏ ఏడు ఏమన్నాడు, పన్నుల మీద ఏమన్నాడు అని పాత వీడియోలు తవ్వుతారు. మీ ఇంట్లో వాదన మొదలైందే ఈ తేడా దగ్గర.

ఇంకో తిరకాసు కూడా ఉంది. కన్జర్వేటివ్‌ని మన పేపర్లు సంప్రదాయవాది అని రాస్తాయి. ఆ మాట వినగానే మావయ్యగారి తరానికి ఇచ్చిన మాట తప్పని పెద్దమనిషి కళ్ళ ముందు మెదులుతాడు. మీవారి దృష్టిలో కన్జర్వేటివ్ అంటే పన్నులు తక్కువుండాలి, ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి, తుపాకీ హక్కు జోలికి రాకూడదు అనేవాడు. ఆయన మనిషి గుణం చూస్తున్నారు, ఈయన పాలసీలు చూస్తున్నారు. ఇలా పదకొండు రోజులు కాదు, పదకొండేళ్ళు వాదించుకున్నా తెగదు.

మీవారు ఎనభైల్లో రిపబ్లికన్ ప్రెసిడెంట్‌గా ఉన్న రీగన్ పేరెత్తడంలో న్యాయం ఉంది. 1962 దాకా ఆయన ఎదుటి పార్టీవాడు, డెమోక్రాటే. కాలిఫోర్నియా గవర్నర్‌గా 1967లో అబార్షన్‌కి వెసులుబాటిచ్చే చట్టం మీద సంతకం పెట్టాడు, అదే ఏడు పన్నులు బాగా పెంచాడు. ఆ సంతకం పెట్టి తప్పు చేశానని తర్వాత బాధపడ్డాడు, ప్రెసిడెంట్‌గా ఉండగానే అబార్షన్‌కి వ్యతిరేకంగా వ్యాసం రాశాడు. 1981లో పన్నులు తగ్గించాడు, లోటు పెరిగేసరికి 1982లో కొన్నింటిని మళ్ళీ పెంచాడు. 1986లో ఆయన సంతకం పెట్టిన చట్టం వల్ల కాగితాల్లేని దాదాపు 27 లక్షల మందికి అక్కడ ఉండే హక్కు వచ్చింది. ఇన్ని చేసినా అమెరికన్ కన్జర్వేటివ్‌లు ముందు తలిచే పేరు ఆయనదే. కమ్యూనిజాన్ని ఎదిరించాలి, ప్రభుత్వం జనం నెత్తిన కూర్చోకూడదు అన్న రెండు మాటల్ని మాత్రం ఆయన ఎప్పుడూ వదల్లేదు మరి.

మావయ్యగారి అనుమానానికి సరిపోయే మనిషి రిపబ్లికన్ నాయకుడు మిట్ రామ్నీ. మసాచుసెట్స్ ఉదారవాదుల రాష్ట్రం. అక్కడ 1994లో సెనేట్‌కి, 2002లో గవర్నర్ పదవికి నిలబడ్డప్పుడు అబార్షన్ హక్కు జోలికి వెళ్ళనన్నాడు. 2005 నాటికి దానికి వ్యతిరేకినన్నాడు. 2008లో ప్రెసిడెంట్ పదవికి రిపబ్లికన్ టికెట్ కోసం పోటీకి దిగాడు. ఎదురుగా ఏ ఓటర్లుంటే ఆ పాట పాడుతున్నాడని జనం అనుకున్నారంటే తప్పు వాళ్ళది కాదు. 2012లో మళ్ళీ పోటీ చేసినప్పుడు ఆయన సలహాదారుడే ఒకాయన, ప్రైమరీలయ్యాక, అంటే పార్టీ టికెట్ కోసం లోపలి పోటీ ముగిశాక, అంతా ఊపేసి మళ్ళీ గీసుకోవచ్చన్నట్టు మాట్లాడి పరువు తీశాడు. గీసి, ఊపితే చెరిగిపోయే పిల్లల బొమ్మ పలక ఉంటుంది చూడండి, దాంతో పోల్చాడు. అదే రామ్నీ 2020 ఫిబ్రవరిలో అభిశంసన విచారణలో సొంత పార్టీ ప్రెసిడెంట్ ట్రంప్ దోషి అని ఓటేశాడు. అమెరికా చరిత్రలో అలా ఓటేసిన మొదటి సెనేటర్ ఆయనే. దానివల్ల తిట్లు తప్ప ఆయనకొచ్చిందేమీ లేదు. ఊపితే చెరిగిపోతాడనుకున్న మనిషిలో చెరగనిదొకటి ఉందని ఆ రోజు తెలిసింది.

నేను ఎవర్నైనా ఒకటే అడుగుతాను. నువ్వు మారావు సరే, ఆ ఖర్చు ఎవరు భరించారు? పాత మాటని ఒప్పుకుని, "అప్పుడలా అనుకున్నాను, ఇప్పుడిలా అనుకుంటున్నాను, కారణం ఇదీ" అని నలుగురిలో చెప్పి, ఆ నష్టమేదో తనే మోస్తే అలాంటివాడు ఎన్నిసార్లు మారినా నాకు అభ్యంతరం లేదు. వాన్స్‌ది ఈ లెక్కలో సగం తేలుతుంది, సగం తేలదు. ఒహాయోలో సెనేట్‌కి దిగిన 2021లో ఆయన పాత మాటలకి బహిరంగంగా విచారం చెప్పాడు, ట్రంప్ పాలన చూశాక నా అంచనా తప్పని తెలిసిందన్నాడు. దాచలేదు, అది ఒప్పుకోవాలి. కానీ ఆ మార్పుకి ఆయన పెట్టిన ఖర్చు తక్కువ, వచ్చిన లాభం మాత్రం ఏకంగా వైస్ ప్రెసిడెంట్ పదవి. లాభం వచ్చింది కాబట్టి అబద్ధమే అనడానికీ లేదు. నష్టం వచ్చే చోట ఆయన ఏ పక్కన నిలబడతాడో చూడాలి. అంతవరకూ మీవారు నమ్మడానికి కారణం ఉంది, మావయ్యగారు అనుమానించడానికీ ఉంది.

చిన్న మాట, కోపం తెచ్చుకోకండి. "చిలుకూరివారి అల్లుడు"ని ఒక్క వాట్సాప్ మెసేజ్‌తో "గోడ మీద పిల్లి"ని చేసేశారు మావయ్యగారు. మాట మారిందెవరిదో మీరే చూడండి. ఇది ఆయన ముందు మాత్రం అనకండి.

ఆయన సోషల్ మాస్టారన్నారు కదా. మన దేశంలో గవర్నర్ జనరల్‌గా చేసిన వారెన్ హేస్టింగ్స్ మీద బ్రిటిష్ పార్లమెంట్‌లో అభిశంసన నడిపిన ఎడ్మండ్ బర్క్ గురించి ఎన్ని బ్యాచ్‌లకి చెప్పి ఉంటారో. ఇప్పుడు కన్జర్వేటివ్ ఆలోచనకి మూలపురుషుడని అందరూ చెప్పేది ఆ బర్క్‌నే. తమాషా ఏంటంటే మాట మార్చాడన్న నింద ముందుగా పడింది ఆయన మీదే. అమెరికా వలసల పక్షాన మాట్లాడినవాడు, ఐర్లండ్ క్యాథలిక్కుల బాధ చెప్పినవాడు, ఫ్రెంచి విప్లవం రాగానే దానికి ఎదురు తిరిగాడు. సొంత విగ్ పార్టీవాళ్ళే నివ్వెరపోయారు. నేను మారలేదు, మీరే మారారని ఆయన వాదన. మార్పుకి దారి లేని రాజ్యానికి తనని తాను నిలబెట్టుకునే దారీ ఉండదని 1790లోనే రాశాడు. 1791 మేలో పార్లమెంట్‌లో అందరి ముందూ ఆప్తమిత్రుడు చార్ల్స్ ఫాక్స్‌తో మన స్నేహం ఇంతటితో సరి అనేశాడు. ఫాక్స్ అక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆరేళ్ళ తర్వాత బర్క్ మంచాన పడితే చూడ్డానికి వస్తానన్నాడు ఫాక్స్. బర్క్ వద్దన్నాడు. ఎవరి వాదన నెగ్గిందో చరిత్ర పుస్తకాలు ఇప్పటికీ తేల్చలేదు. ఆ చివరి చూపు మాత్రం దక్కలేదు.

ఇప్పుడు మీ పాత సంగతికి వద్దాం. "నువ్వు మాత్రం?" అన్నప్పుడు మావయ్యగారి మనసులో వాన్స్ లేడని నాకనిపిస్తోంది. మేడ మీది ఆ రెండు గదులున్నాయి. రిటైరైన మాస్టారు గదులు వేయించాడంటే ఇటుక, సిమెంటు, మేస్త్రీ కూలీ, అన్నీ పీఎఫ్ డబ్బుల్లోంచే వచ్చి ఉంటాయి. ఏటా సంక్రాంతికి సున్నం వేయించి, పిల్లలొస్తే ఏసీ ఎక్కడ పెట్టించాలా అని గోడలు చూసుకునే తండ్రుల్ని నేను బోలెడుమందిని చూశాను. ఆ గదుల్లో మీ కాపురం చూడకుండానే అత్తయ్యగారు మీ కోసం ఎదురుచూస్తూ పోయారేమో. నా ఊహ తప్పయితే క్షమించండి. ఒప్పయితే మాత్రం, మీవారి మార్పుకి ఖర్చు ఎవరు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు.

మీవారిని నేను తప్పుపట్టడం లేదు. పాతికేళ్ళవాడు ఐదేళ్ళన్నప్పుడు నిజంగానే అనుకుని ఉంటాడు. గ్రీన్‌కార్డు, ఇల్లు, పాప బడి, ఒకదాని వెనక ఒకటి వస్తూ ఉంటే ఏ రోజున మనసు మారిందో ఆయనకే తెలిసి ఉండదు. అందుకే నాన్నకి ఎప్పుడూ చెప్పలేదు. "వచ్చే ఏడు చూద్దాం నాన్నా" అంటూ నెట్టుకొచ్చి ఉంటాడు. వాన్స్ పాటి పని, అంటే "నేను అప్పుడన్న మాట మీద నిలబడలేకపోయాను" అని పైకి చెప్పడం, మీవారు ఇంతవరకూ చేయలేదు.

కాబట్టి ఈ జవాబు మావయ్యగారికి చూపించకండి. మీవారికి మాత్రం, పాప నిద్రపోయాక, చూపించండి. పాప చేత కబుర్లు మోయించడం రేపటి నుంచే ఆపాలి. మాత్ర సంగతి ఆయనే గది తలుపు తట్టి అడగాలి. మావయ్యగారు జవాబు చెప్పకపోయినా సరే, రోజూ అడగాలి.

శనివారం వాళ్ళిద్దర్నే కారులో అర్వింగ్ పంపించండి, అక్కడి పార్కులో గాంధీ విగ్రహం చూసి రమ్మని. మీరు వెళ్ళకండి, పాపనీ పంపకండి. మన మగవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పలేరు, రోడ్డు చూస్తూ అయితే కాస్త నయం. మావయ్యగారు అక్కడ క్లాసు మొదలుపెడితే పెట్టనివ్వండి. నా రాతల్లో పొంతన కనపడకపోతే తర్వాత రాసిందే తీసుకోండని గాంధీ 1933లో రాసుకున్నాడు, ఆ పాఠం ఆయన నోటంటే రావచ్చు కూడా. మీవారు వాన్స్ ఊసు, రీగన్ ఊసు ఎత్తకూడదు. ముందు మేడ మీది గదుల గురించి అడగాలి: ఎప్పుడు వేయించావు, ఎంతయింది, ఇప్పుడెలా ఉన్నాయి. ఆయన చెప్పేదంతా విన్నాక, "నేను తిరిగి రాలేనేమో నాన్నా, నీకు ఎప్పుడో చెప్పాల్సింది" అని ఒక్క ముక్క. కారణాలు ఆయన అడిగితేనే. అమెరికా గొప్ప, ఇండియా ట్రాఫిక్ లాంటివి ఎత్తితే మళ్ళీ మొదటికొస్తుంది.

టికెట్ ఈ వారం మార్చకండి. శనివారం తర్వాత కూడా వెళ్తానంటే అప్పుడు చూద్దాం, కానీ దింపడానికి ఎయిర్‌పోర్టుకి మీవారే వెళ్ళాలి.