పాపని ఎవరి ట్యాక్స్ రిటర్న్‌లో చూపించాలి?

ప్రశ్న: మేమిద్దరం డాలస్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పెళ్లి చేసుకోలేదు. ఇక్కడే పుట్టిన మూడేళ్ల పాప ఉంది. నా జీతం ఏడాదికి 62,000 డాలర్లు, పాప నాన్నది 1,28,000. నెలకి అద్దె 1,900, కరెంటు, నీళ్లకి 250 తను కడతాడు. సరుకులకి 700, డేకేర్‌కి 1,100 నావి. కన్నతల్లిని కాబట్టి 2025 రిటర్న్‌లో పాపని డిపెండెంట్‌గా, అంటే నా మీద ఆధారపడినట్టుగా, నేనే చూపించుకోవాలని నా ఉద్దేశం. మా అమ్మేమో ట్యాక్స్ కోసమైనా పెళ్లి చేసుకోండి అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: 2025కి పాపని ఆయన రిటర్న్‌లోనే పెట్టించండి. తల్లా, తండ్రా అన్నది ఐఆర్ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) పట్టదు. పాప ఏడాదంతా ఇద్దరి దగ్గరా ఉంది కాబట్టి ఎవరు క్లెయిమ్ చేసుకోవాలో మీరే తేల్చుకోవచ్చు. తేల్చుకోకుండా ఇద్దరూ చేస్తే, ఆదాయం ఎక్కువున్నవాళ్లకే ఇస్తారు. అంటే ఆయనకే.

పిల్లలున్నందుకు పన్నులోంచి తగ్గించే చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ 2,200 డాలర్లు ఎవరు తీసుకున్నా ఒకటే. అసలు తేడా ‘హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్’ దగ్గర, అంటే పెళ్లి కాకుండా పిల్లలతో ఇల్లు నడిపేవాళ్లకిచ్చే హోదా దగ్గర వస్తుంది. ఆ హోదా ఉంటే 2025కి స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కకి ముందు ఆదాయంలోంచి తీసేసే మొత్తం) 15,750 నుంచి 23,625కి పెరుగుతుంది, శ్లాబులు కూడా కాస్త వెడల్పవుతాయి. కానీ పాపని చూపించుకున్నవాళ్లు ఇంటి ఖర్చులో సగానికి పైగా పెట్టి ఉండాలి. అద్దె, కరెంటు, ఇంట్లో తినే తిండి ఈ లెక్కలోకి వస్తాయి. డేకేర్ ఫీజు, బట్టలు, డాక్టర్ బిల్లులు రావు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మీ ఇంట్లో ఆయనవి 2,150, మీవి 700. మీరు నెలనెలా పెట్టే 1,100 డేకేర్ ఇందులో లేదు.

కాబట్టి పాప ఆయన రిటర్న్‌లో ఉంటే ఆయన పన్ను 19,787 నుంచి 16,158కి దిగుతుంది. 3,629 మిగులు, దానిపైన 2,200 క్రెడిట్, మొత్తం 5,829. మీ రిటర్న్‌లో ఉంటే మీకు ఆ హోదా రాదు. 2,200తో పాటు, డేకేర్ మీరే కట్టారు కాబట్టి దాని క్రెడిట్ 600, మొత్తం 2,800. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గనక లెక్క ఇంతటితో సరి.

డేకేర్ క్రెడిట్ ఫీజు కట్టినవాళ్లకే వస్తుంది, కాబట్టి 2025కి ఆ 600 పోయినట్టే. ఇకముందు అది ఆయనకి రావాలంటే డేకేర్ ఆయన ఖాతా నుంచి కట్టించి, బదులుగా మీరు అద్దెలో 400 వేసుకోండి. అప్పుడు ఇంటి ఖర్చులో ఆయన వాటా 1,750, మీది 1,100. సగానికి పైగా ఇంకా ఆయనవైపే ఉంటుంది.

మీ అమ్మగారి సలహాకి వస్తే, పెళ్లికి వంద కారణాలు ఉండొచ్చు గానీ ట్యాక్స్ అందులో లేదు. జాయింట్‌గా ఫైల్ చేస్తే క్రెడిట్లకి ముందు ఇద్దరి పన్ను 24,698. ఇప్పుడున్నట్టే ఉంటే ఆయనది 16,158, మీది 5,311 చిల్లర. అంటే పెళ్లితో 3,200 పైచిలుకు ఎక్కువ కట్టాలి!

ఇక టెన్షన్ పడాల్సిన సంగతి వేరే ఉంది. టెక్సస్‌లో సంతకాలు, తంతు లేకుండానే పెళ్లి అయిపోవచ్చు. మేం భార్యాభర్తలం అని ఇద్దరూ ఒప్పుకుని, ఆ రాష్ట్రంలో కలిసి కాపురం ఉంటూ, నలుగురికీ అలాగే చెప్పుకుంటే చట్టం దాన్ని పెళ్లిగానే చూస్తుంది, ఐఆర్ఎస్ కూడా. ఉత్తినే కలిసి ఉంటే కాదు, మూడూ కలవాలి. మనవాళ్లు అపార్ట్‌మెంట్ లీజులో, ఆఫీసు ఇన్సూరెన్స్ ఫారంలో మొహమాటానికి ‘స్పౌజ్’ అని రాసేస్తుంటారు. మీరూ అలా రాసి ఉంటే, ఫైల్ చేసేముందు ఒక ట్యాక్స్ లాయర్‌కి ఆ కాగితాలు చూపించండి. మీకు పెళ్లయినట్టు తేలితే ఈ హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ లెక్కంతా కొట్టుకుపోతుంది.



మీరు వదులుకుంటున్నది 2,800. అది ఆయన దగ్గర అడిగి తీసుకోండి, మొహమాటపడకండి. ఇచ్చాక కూడా ఆయనకి 3,029 మిగులుతుంది. పాప అడ్రస్ ఉన్న డేకేర్ లెటర్, పిల్లల డాక్టర్ రికార్డు, అద్దె కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్లు ఆయన ఫైల్లో పెట్టించండి. మీ రిటర్న్‌లో మాత్రం డిపెండెంట్ల దగ్గర పాప పేరు ఉండకూడదు.