మర్మ చికిత్స నేర్చుకోవాలనుకుంటున్న చిరంజీవికి

చిరంజీవి సౌభాగ్యవతికి పెదనాన్న ఆశీస్సులు.

మర్మ చికిత్స, అంటే శరీరంలోని మర్మస్థానాలను తాకి, ఒత్తి చేసే చికిత్స, నేర్చుకోవాలని ఉందనీ, రెండు రోజుల్లో 107 మర్మాలనూ నేర్పి ధ్రువపత్రం ఇస్తామనే శిక్షణ ఒకటి కనిపించిందనీ, అందులో చేరమంటారా అనీ అడుగుతూ నీవు రాసిన ఉత్తరం అందింది. యోగాసనాలు నేర్పుతున్నదానివి కనుక శరీరం గురించి నీకు కొంత అవగాహన ఉంది. ఎదుటివారి బాధను ఓపికగా వినే గుణమూ ఉంది. ఈ విద్యకు ఆ రెండూ అవసరమే కాబట్టి నేర్చుకోవద్దని చెప్పను. ఏ వరుసలో నేర్చుకోవాలన్న విషయంలో మాత్రం నా మాట విను. ఎక్కడ ఒత్తాలో తెలుసుకోవడానికి ముందు ఎక్కడ చేయి వేయకూడదో తెలుసుకోవాలి. నీవు పంపిన ప్రకటనలో ఆ సంగతి గురించి ఒక్క ముక్క లేదు. నాకు అనుమానం కలిగింది అక్కడే.

మర్మాలను వివరంగా చెప్పిన పాత పాఠం సుశ్రుత సంహిత శారీరస్థానంలోని ఆరో అధ్యాయం. మాంసం, సిర, స్నాయువు, ఎముక, కీలు కలిసే చోటు మర్మమనీ, అక్కడ ప్రాణం స్వభావసిద్ధంగానే విశేషంగా నిలిచి ఉంటుందనీ అందులో నిర్వచించారు. సుశ్రుతుడిది శస్త్రవైద్య సంప్రదాయమన్నది మరచిపోకు. మర్మజ్ఞానం శల్యతంత్రంలో, అంటే శస్త్రవైద్యంలో, సగమని ఆ గ్రంథం చెప్పడానికి కారణం ఉంది: కత్తి పట్టిన వైద్యుడు ఆ చోట్లను తప్పించి కోయాలి, బాణమో బల్లెమో దిగినవాడిని మోసుకువస్తే, అతడు బతుకుతాడా, బతికినా అంగవైకల్యం మిగులుతుందా అన్నది దెబ్బ తగిలిన చోటును బట్టి చెప్పగలగాలి. అంటే ఇది మొదట గాయాల గురించి పుట్టిన శాస్త్రం. ఏ మర్మాన్ని ఎంతసేపు ఒత్తితే ఏ రోగం తగ్గుతుందో ఆ అధ్యాయంలో వెతికితే నీకు దొరకదు.

మర్మాలను నిర్మాణాన్ని బట్టి లెక్కించినప్పుడు మాంస మర్మాలు 11, సిరా మర్మాలు 41, స్నాయు మర్మాలు 27, అస్థి మర్మాలు 8, సంధి మర్మాలు 20 అని చెప్పారు. తరువాతి వైద్య గ్రంథకర్త వాగ్భటుడు అష్టాంగహృదయంలో ధమని మర్మాలను విడదీసి ఆరో వర్గంగా చేర్చాడు. ఈ లెక్కను ఒకసారి చదివి పక్కన పెట్టినా ఫరవాలేదు. దెబ్బ తగిలితే ఏమవుతుందన్నదాన్ని బట్టి చేసిన రెండో లెక్కను మాత్రం కంఠస్థం చేయి. వెంటనే ప్రాణం తీసేవి 19, కొంత కాలానికి తీసేవి 33, గుచ్చుకున్న వస్తువును పెరికితే ప్రాణం తీసేవి 3, వైకల్యం కలిగించేవి 44, నొప్పిని మాత్రమే కలిగించేవి 8. గమనించావా, కేవలం నొప్పితో పోయేవి ఎనిమిదే! చీలమండల దగ్గరి గుల్ఫాలు రెండు, మణికట్టు దగ్గరి మణిబంధాలు రెండు, వాటికి కాస్త కింద ఉండే కూర్చశిరాలు నాలుగు, అంతే.

గుచ్చుకున్నదాన్ని పెరికితే ప్రాణం తీసే ఆ మూడింటిలో ఒకటి కనుబొమల మధ్య ఉండే స్థపని. అక్కడ దిగిన ముల్లు దిగినట్టే ఉన్నంతకాలం మనిషి బతుకుతాడనీ, పెరికితే మరణిస్తాడనీ చెప్పారు. లోతుగా గుచ్చుకున్న వస్తువును లాగకుండా కదలకుండా కట్టు కట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలని ఇప్పటి ప్రథమచికిత్సలో నేర్పేదీ దాదాపు అదే. ఇక అరిచేతి నడుమ ఉండే తలహృదయం, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే క్షిప్రం చూడు. ఇప్పటి మర్దన తరగతుల్లో మొదటి రోజే ఒత్తించే ఈ రెండూ కాలాంతర ప్రాణహరాల, అంటే కొంత కాలానికి ప్రాణం తీసేవాటి, జాబితాలో ఉన్నాయి. అక్కడ గాయమై రక్తం విపరీతంగా పోతుంటే మనిషిని కాపాడటానికి చేతిని మణికట్టు దగ్గర ఖండించమనే దాకా వెళ్ళింది సుశ్రుత సంహిత. అరిచేతిలో ధమనులు వంపు తిరిగి ఒకదానితో ఒకటి కలిసే తీరు శరీరనిర్మాణ శాస్త్రంలో చూసినప్పుడు ఆ హెచ్చరిక ఎందుకో నీకే అర్థమవుతుంది. మెత్తని వేలి ఒత్తిడికి అటువంటి ప్రమాదం లేదన్నది నిజమే. కానీ చేయి వేస్తున్న చోటు లోపల ఏమున్నదో తెలిసి వేయడం వేరు, తెలియక వేయడం వేరు.

మరి స్పర్శతో చేసే చికిత్స ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతావు. అభ్యంగం, అంటే ఒంటికి నూనె పట్టించి మర్దించడం, ఆయుర్వేదంలో మొదటి నుంచీ ఉంది. కేరళలో కళరి యుద్ధవిద్య గురువులు సాధనలో దెబ్బ తిన్నవారికి చేసే మర్మ చికిత్స ఒక పాయ. కన్యాకుమారి ప్రాంతంలోనూ తమిళ సిద్ధ వైద్యంలోనూ ఉన్న వర్మం ఇంకొక పాయ. అక్కడ లెక్క 108, అందులో పడు (దెబ్బకు సంబంధించిన) వర్మాలు 12, తొడు (తాకిడికి సంబంధించిన) వర్మాలు 96. ఇవన్నీ గురువు చేతి నుంచి శిష్యుడి చేతికి వచ్చిన విద్యలు. అందుకే ఒత్తే కాలం, బలం, దిశ ఒక్కొక్క పరంపరలో ఒక్కొక్క రకంగా ఉంటాయి. మూడు చోట్ల మూడు పద్ధతులు నేర్చి కలిపితే మూడింటిలో ఏదీ చేతికి పట్టదు. ఒక పరంపరను ఎంచుకుని కనీసం కొన్నేళ్ళు దానికే కట్టుబడి ఉండు. మరొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఏడు చక్రాల బొమ్మ మీద మర్మాల పేర్లు రాసి రెండూ ఒకటేనని బోధించేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. చక్రాల వర్ణన తంత్ర, హఠయోగ గ్రంథాలది. సుశ్రుతుడి మర్మాలను ఎముకా కీలూ చూపి గుర్తుపట్టవచ్చు. రెండింటి మీదా నీకు గౌరవం ఉండవచ్చు, కానీ గుర్తులను కలగాపులగం చేస్తే నష్టపోయేది నీ చేతి కింద పడుకున్న మనిషి.

కనుక మొదటి ఏడాది శరీర రచనకే కేటాయించు. శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, ఆ తరువాత కూర్చతో, అంటే కుంచెతో, మెల్లగా రుద్దుతూ పొర పొరా పరిశీలించాలని సుశ్రుత సంహిత చెబుతుంది. కంటితో చూసినదీ శాస్త్రంలో చదివినదీ రెండూ కలిస్తేనే జ్ఞానం పెరుగుతుందన్నది అక్కడి అభిప్రాయం. నీకు శవచ్ఛేదన చేసే అవకాశం లేకపోయినా మంచి శరీరనిర్మాణ పుస్తకం, నమూనా, సొంత శరీరం ఉన్నాయి. మర్మం పేరు చదివిన ప్రతిసారీ దాని కింద ఏ ధమని, ఏ నరం, ఏ ఎముక ఉందో పక్కనే రాసుకో. కణత దగ్గరి శంఖ మర్మం వెంటనే ప్రాణం తీసేవాటిలో ఒకటి. అక్కడ పుర్రె ఎముక పలుచగా ఉంటుంది, దాని లోపలి వైపున మెదడు పొరలకు రక్తం తీసుకువెళ్ళే ధమని సాగుతుంది. మోచేతి దగ్గరి కూర్పరంలో లోపలి వైపు అల్నార్ నరం దాదాపు చర్మం కిందే ఉంటుంది. బలంగా ఒత్తితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది. చంక దగ్గరి కక్షధరం పక్కనే చేతికి వెళ్ళే నరాల అల్లిక ఉంది. మోకాలి వెనుక గుంటలో ధమని కొట్టుకుంటూ ఉంటుంది.

మెడ గురించి విడిగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ మంది కొత్తవాళ్ళు చేయి జారేది అక్కడే. కంఠానికి ఇరుపక్కలా ఉన్న ఎనిమిది సిరలను సద్యఃప్రాణహరాలలో, అంటే వెంటనే ప్రాణం తీసేవాటిలో, చేర్చారు. నీల, మన్య అనే మర్మాలు రెండేసి చొప్పున నాలుగూ అక్కడే ఉన్నాయి, వాటికి దెబ్బ తగిలితే మాట పోతుందని చెప్పారు. నాడి కొట్టుకునే ఆ చోట కెరోటిడ్ ధమనిని గట్టిగా ఒత్తితే గుండె వేగం తగ్గి, రక్తపోటు పడిపోయి, మనిషి స్పృహ తప్పవచ్చు. ఆ ధమనిలో కొవ్వు పేరుకున్న పెద్దవారికైతే అందులోని ముక్క ఊడి మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. కనుక మెడ ముందుభాగం నీ అభ్యాసంలో చేర్చకు. గురువు చెప్పినా అడిగి, ఆలోచించి, తరువాతే ఒప్పుకో.

చేతి అభ్యాసం నీ ఒంటి మీదే మొదలుపెట్టు. అరిచేతులు, అరికాళ్ళు, చీలమండలు, మణికట్లు చాలు. వాటితో ఎన్ని నెలలు గడిపినా వృథా కాదు. గుర్తు పట్టడానికి వాడే అంగుళం చికిత్స పొందే మనిషి సొంత వేలి వెడల్పు, నీది కాదు. మోకాలికి మూడంగుళాల పైన ఆణి మర్మం ఉందంటే ఆ మూడంగుళాలు ఆ మనిషి వేళ్ళతోనే కొలవాలి. పొట్టి వేళ్ళతో పొడుగు మనిషిని కొలిస్తే చోటు తప్పుతుంది. మర్మాల పరిమాణం కూడా ఒకటి కాదు: తొడ నడుమ ఉండే ఊర్వి, కూర్చశిరం ఒక్కో అంగుళం; గుల్ఫం, మణిబంధం రెండేసి; మోకాలి దగ్గరి జాను, మోచేతి కూర్పరం మూడేసి. గోళ్ళు తీసేసి, చేతులు వెచ్చబెట్టుకుని, వేలి కొనతో కాకుండా మెత్తతో ఆనించు. ఆ మనిషి ఊపిరి వదులుతున్నప్పుడు కొద్దిగా భారం వేసి, పీల్చేటప్పుడు సడలించు. ముఖం చిట్లించినా, ఊపిరి బిగబట్టినా ఎక్కువైందని అర్థం. నొప్పి పుడితేనే పని చేస్తుందని నమ్మే గురువులు ఉన్నారు. ఆ నమ్మకం నాకు లేదు. నూనెల గురించి ఇప్పుడే తల పగలగొట్టుకోకు. గోరువెచ్చని నువ్వుల నూనె చాలు. క్షీరబల, మహానారాయణ తైలాలు వైద్యులు చెప్పినప్పుడు వాడవచ్చు.

ఎవరిని ముట్టుకోకూడదో ఇక చెబుతాను. ఒక కాలి పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అక్కడి ఇంద్రవస్తి మర్మాన్ని మర్దించడం ప్రమాదం. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. జ్వరం ఉన్నవారిని, కొత్తగా ఎముక విరిగినవారిని, రక్తం పలుచబడే మందులు వాడేవారిని, ఎముకలు గుల్లబారినవారిని, గర్భిణులను, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారిని వారి వైద్యుల అనుమతి లేకుండా చేతికి తీసుకోకు. ఛాతీ నొప్పి, హఠాత్తుగా మూతి వంకరపోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడటం చూస్తే మర్మాల సంగతి ఆలోచించకుండా ఆసుపత్రికి పంపు; అక్కడ నిమిషాలకు విలువ ఉంటుంది. తల, గుండె, మూత్రాశయం అనే మూడు మహామర్మాలను కాపాడమని చరకుడు చెప్పింది ఇటువంటి సమయాల్లో గుర్తుంచుకోవాలి. గజ్జలు, రొమ్ములు, గుదం వంటి చోట్ల ఉన్న మర్మాలను చదువు కోసం తెలుసుకో, అంతవరకే. పని మొదలుపెట్టే ముందు ఎక్కడెక్కడ చేయి వేస్తావో చెప్పి ఒప్పుకోలు తీసుకో. తోడుగా ఇంకొకరు ఉంటామంటే కాదనకు.

సంపూర్ణ ఆరోగ్యమనే మాటను ఉదారంగా వాడేవారి మధ్య నీవు మసలవలసి వస్తుంది. మెత్తని స్పర్శ వల్ల బిగుసుకున్న కండరం సడలడం, నిద్ర పట్టడం, మనసు నెమ్మదించడం నేను చూశాను, నీవూ చూస్తావు. మధుమేహమో, థైరాయిడ్ వ్యాధో, సంతానలేమో మర్మాలతో నయమవుతుందని చెప్పగల ఆధారం మాత్రం నాకు కనిపించలేదు. ప్రాణం అన్నది శాస్త్రం వాడిన మాట. దాన్ని గౌరవంగా వాడు, కానీ చేతి కింద ప్రాణశక్తి కదలడం కొలిచినట్టు మాట్లాడకు. ఎవరి మందులూ మాన్పించకు. మన దేశంలో ఆయుర్వేద వైద్యులుగా చికిత్స చేయడానికి నాలుగున్నరేళ్ళ చదువూ ఏడాది శిక్షణా ఉన్న బి.ఏ.ఎం.ఎస్. పట్టా, నమోదు కావాలి; ఈ చదువులనూ వృత్తినీ ఇప్పుడు 2020 నాటి జాతీయ భారతీయ వైద్య విధాన కమిషన్ చట్టం నియంత్రిస్తోంది. రెండు రోజుల ధ్రువపత్రం నిన్ను వైద్యురాలిని చేయదు. విశ్రాంతి కోసం చేసే మర్దన అని చెప్పుకుని, రోగనిర్ణయం జోలికి వెళ్ళకుండా, నమోదైన వైద్యుల పర్యవేక్షణలో పని చేయడం నీకు సురక్షితం, నీ దగ్గరకు వచ్చేవారికీ సురక్షితం.

ఆ శిక్షణకు డబ్బు కట్టే ముందు నిర్వాహకులను నాలుగు ప్రశ్నలు అడుగు. నేర్పేవారు ఏ పరంపరలో, ఎవరి దగ్గర, ఎన్నేళ్ళు నేర్చుకున్నారు? ఒక్కొక్కరి చేతిని పక్కన కూర్చుని సరిదిద్దుతారా, లేక అందరినీ ఒకేసారి తెర మీద చూడమంటారా? ఏ మర్మాలను ఒత్తవద్దని చెబుతారు, ఎటువంటి రోగులను తిప్పి పంపమంటారు? శిక్షణ అయ్యాక నీ పనిని ఎవరు పర్యవేక్షిస్తారు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబును ఉన్నదున్నట్టుగా రాసి నాకు పంపు. అది చూశాక చేరాలో వద్దో చెబుతాను. వద్దనుకుంటే, శరీర రచన చదువుకునేందుకు ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో వచ్చే ఉత్తరంలో రాస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న